రేవులో ఆడవాళ్ళ బెంచీ

ఆ ఇంట్లో మొదటిరోజు నాకు కూర్చోవడానికి భయమేసింది. కుర్చీలు లేక కాదు, ఎటు చూసినా కుర్చీలే. కాకపోతే ఒకదాని వీపు వంగిపోయిన మనిషి వెన్నులా ఉంది. ఇంకోదానికి చేతులు నిజం చేతుల్లా, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. కిటికీ దగ్గర ఉన్నది విల్లో చెట్టు సన్నటి కొమ్మలతో అల్లిన పెద్ద గూడులా ఉంది. బ్యాగు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"కూర్చో, అవి కుర్చీలే," అంది ఆ ఇంటావిడ. "మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ మ్యూజియంలో నిలబడ్డట్టే నిలబడతారు. మా ఆయనకి అది చూస్తే ఒళ్ళు మండేది."

మండేది అంది గానీ, మండుతుంది అనలేదు. ఏజెన్సీ వాళ్ళు నన్నక్కడికి పంపింది కూడా అందుకే. ఆయనకి మతిమరుపు జబ్బు. అరవై దాటి ఎంతో కాలం కాలేదు, మనిషి పొడగరి, భుజాలు ఇంకా దిట్టంగా ఉన్నాయి. నేను గుంటూరులో నర్సుగా చేసి, కేర్ వీసా మీద ఇంగ్లండులో కోవెంట్రీ వచ్చినదాన్ని. పొద్దున్నే ఆయనకి స్నానం చేయించి, బట్టలు తొడిగి, ఏదో ఒకటి తినిపించి, ఆవిడ బయట పనులు చూసుకుని వచ్చేదాకా పక్కన ఉండడం నా పని.

ఆవిడ తనని పేరు పెట్టి పిలవమంది. ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు, కానీ అంత పెద్దావిడని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి నవ్వింది.

"మా భాషలో తాంతె అంటాం. అంకుల్‌ని మా ఊళ్ళవైపు నొంకెల్ అంటారు. నువ్వు అలా పిలుస్తుంటే మా అక్క పిల్లలు ఎవరో వచ్చినట్టుంది."

అలా ఆయన నాకు నొంకెల్ అయ్యాడు. వాళ్ళకి పిల్లల్లేరు.

ఇద్దరిదీ బెల్జియం. ఆయనది సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు, ఆవిడది గెంట్ పట్నం. అక్కడే బొమ్మలు, చెక్కపనీ నేర్పే కాలేజీలో కలుసుకున్నారట. ఆయన చెక్క చెక్కేవాడు, ఆవిడ అల్లేది. సామాన్లు చేస్తావా, శిల్పాలు చేస్తావా, ఏదో ఒకటి తేల్చుకో అని మాస్టర్లు ఆయన్ని ఊపిరాడనివ్వలేదట. ఆయన తేల్చుకోలేదు. చివరిదాకా రెండూ ఒకటేనన్నాడు. ఆవిడకి కోవెంట్రీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తే ఇద్దరూ ఇటు వచ్చేశారు. ఇంటి వెనక, పాతకాలంలో గడియారాలు చేసిన షెడ్డు ఒకటి ఉంది. దాన్నే వర్క్‌షాపు చేసుకున్నారు. బెల్జియంలో ఇప్పుడు ఇలాంటి పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారని ఆవిడ ఫోన్లో ఫొటోలు చూపించేది. ఒకతను మట్టితో బల్లలు చేస్తాడు, కాల్చిన కుండ మాదిరి. ఒకమ్మాయి కాగితం నానబెట్టి, రుబ్బి, పుట్టగొడుగుల్లాంటి దీపాలు చేస్తుంది. ఇంకొకాయన మూతబడ్డ ఫ్యాక్టరీల ఇనుము కరిగించి, పార్కుల్లో కూర్చునే దిమ్మలు పోస్తాడు.

"మా దేశం చిన్నది, గదులు ఇంకా చిన్నవి," అంది ఆవిడ. "విగ్రహానికి విడిగా చోటెక్కడిది? అందుకే కూర్చునేదాన్నే విగ్రహం చేసుకున్నాం."

హాస్యానికి అందో నిజంగానే అందో నాకు తెలియలేదు.

నేను వెళ్ళిన కొత్తలో నొంకెల్ ఇంకా కాస్త ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఒకరోజు టిఫిన్ తింటూ తింటూ లేచి, వంగిన వెన్నులాంటి ఆ కుర్చీ చుట్టూ తిరిగాడు. వెనక్కాలు తట్టి చూశాడు.

"ఎవరు చేశారిది?"

"మీరే చేశారు నొంకెల్."

"నేనా?" నన్ను అనుమానంగా చూశాడు. "కాదు. వీడెవడో మంచి పనివాడే. కానీ తొందరపడ్డాడు, ఈ కాలు చూడు."

వంటగదిలోంచి ఆవిడ గట్టిగా నవ్వింది. "నిజమే, తొందరపడ్డాడు! ఆ రోజు మా పెళ్ళి!" ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వెళ్ళి చూస్తే సింకు దగ్గర కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే ఊరికే చూస్తూ నిలబడి ఉంది.

చలికాలం వచ్చేసరికి ఇంగ్లీషు పూర్తిగా పోయింది. చిన్నప్పటి ఊరి భాష మిగిలింది. అది ఆవిడకే సగం అర్థమయ్యేది కాదు. ఇంక నేను ఇంగ్లీషుతో కుస్తీ పట్టడం మానేసి తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాను. "చెయ్యి ఎత్తండి నొంకెల్, చొక్కా వేస్తాను. అమ్మయ్య, ఇంకో చెయ్యి." ఆయన తన భాషలో ఏదో చెప్పేవాడు. నా గొంతు మెత్తగా ఉంటే చాలు, చెయ్యి ఎత్తేవాడు.

కానీ మనిషికి స్థిమితం ఉండేది కాదు. తలుపులు లాగేవాడు. పెరట్లో గుండ్రంగా తిరిగేవాడు. జీపీ డాక్టరు ఇచ్చిన మాత్రలు వేస్తే నోట్లోంచి చొంగ కారుతూ కూర్చునేవాడు, మానేస్తే మళ్ళీ తలుపులు లాగేవాడు. ఒకరోజు ఆవిడ వర్క్‌షాపులోంచి ఓ ముక్క ఉప్పుకాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మా ఊళ్ళో వడ్రంగులు వాడే ఉప్పుకాగితమే, కాస్త మేలు రకం. ఆయన దాన్ని వేళ్ళమధ్య మడిచి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. చెక్క కోసం చుట్టూ వెతికాడు. ఆవిడ ఒక ముక్క ఇచ్చింది. అంతే, ఆయన భుజాలు కిందికి జారాయి. ముఖంలో ఇన్నాళ్ళూ నేను చూడని శాంతం వచ్చింది. ఆ పూటంతా రుద్దుతూనే ఉన్నాడు.

నేను ఆ సంగతి ఇంటికొచ్చి మా ఆయనకీ, మా అమ్మాయికీ సంబరంగా చెప్పాను. ఆదివారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన మనవి కూడా ఇచ్చాను. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "దేవుడు దారి చూపించాడమ్మా" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

అసలు సంగతి వర్క్‌షాపు మధ్యలో ఉంది. పొడవాటి ఓక్ బెంచీ, జబ్బు రాకముందు ఆయన మొదలుపెట్టిన పని. దాని వీపు మొత్తం ఆడమనుషులే. తలమీద శాలువాలు కప్పుకుని, భుజాలు కలిపి, పడవల కోసం ఎదురుచూస్తూ రేవులో నిలబడ్డ ఆడవాళ్ళు. బెంచీ మీద కూర్చుంటే మన వీపు వాళ్ళ వీపులకి ఆనుతుంది. ముఖాలు చూడాలంటే వెనక్కి వెళ్ళాలి. మధ్యలో ఉన్నావిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఎవరినో పిలవబోతున్నట్టు.

"మా ఆయన వాళ్ళమ్మ," అంది ఆవిడ. "పక్కన పిన్ని. ఆ చివరావిడ వాళ్ళ నాయనమ్మ, మొగుడు సముద్రంలో పోయాక కూడా రేవుకి వెళ్ళేదట. ఈ చివర ఉన్న ముఖాలు ఇంకా చెక్కలేదు."

కూర్చునే చోట ఆవిడ అల్లిక అల్లాలి. కొంచెం అల్లి ఉంది. లండన్‌లో బెల్జియం వాళ్ళ పనులతో ఒక ప్రదర్శన పెడుతున్నారు, దానికి ఈ బెంచీ కావాలన్నారు. "ఇక్కడివాళ్ళు మమ్మల్ని బెల్జియం వాళ్ళంటారు. అక్కడికెళ్తే ఇంగ్లీషువాళ్ళయిపోయారంటారు. ఎవరో ఒకరు పిలిచారు, అంతే చాలు," అంది ఆవిడ. ఆ ప్రదర్శన కోసమే ఆవిడ బతుకుతున్నట్టుండేది. చెక్కని ముఖాలు చెక్కకుండానే పంపుతానంది. ఆయన రుద్దుకుంటూ ఉంటే తను పక్కన కూర్చుని కొమ్మలు నానబెట్టి అల్లుకునేది. ఆ రోజులు బాగుండేవి. కెటిల్‌లో నీళ్ళు కాగుతుండేవి, రేడియో ఏదో పాడేది, నేను నేలమీది పొట్టు ఊడ్చేదాన్ని.

తర్వాత ఆయన చెక్కముక్కల్ని పారెయ్యడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎంత మంచి ముక్క ఇచ్చినా చేత్తో తడిమి, పనికిరానిదని తెలిసినట్టు గోడకేసి కొట్టేవాడు. ఒక పొద్దున నేను ఆయన టీ తీసుకుని వర్క్‌షాపులోకి వెళ్ళేసరికి బెంచీ వెనక మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ ముఖాన్ని రుద్దుతున్నాడు.

"నొంకెల్, వద్దు!" అని చెయ్యి పట్టుకున్నాను. నన్ను తోసేశాడు. గోడకి తగిలాను, టీ ఒలికింది. ఆవిడ పరుగున వచ్చింది. ఇద్దరం కలిసి కాగితం లాక్కున్నాం, వర్క్‌షాపుకి తాళం వేశాం. ఆయన ఆ తలుపు దగ్గర నిలబడి అరచేత్తో బాదాడు. బాది బాది, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏవో మాటలు మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

"ఏమంటున్నారు ఆంటీ?"

"పని ఉంది, పని ఉంది అంటున్నాడు."

ఆ రోజూ, ఆ తర్వాతి రోజులూ అంతే. అన్నం ముట్టేవాడు కాదు. అరచేయి కమిలి నీలం తేలింది. మాత్రలు పెంచారు, కింద పడ్డాడు. పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టి నేను దెబ్బకి మందు రాస్తుంటే, ఆవిడ జేబులోంచి తాళంచెవి తీసి నా ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళి వర్క్‌షాపు తెరిచింది.

"ఆంటీ, లండన్ వాళ్ళు..."

"తెలుసు."

"ఎంత కష్టపడి చేశారు..."

"ఎవరు చేశారు? ఆయనే కదా," అంది. "చేసినవాడికి లేని బాధ మనకెందుకు?"

కానీ బాధ ఆవిడకే ఉంది. ఆయన బెంచీ వెనక కూర్చుని రుద్దుతున్నంతసేపూ ఆవిడ ముందువైపు కూర్చుని అల్లేది. రెండు చప్పుళ్ళు వినబడేవి. ఆయన వైపునుంచి సరసరమని కాగితం, ఈవైపు కొమ్మలు వంగే చప్పుడు. ముందు వాళ్ళమ్మ తెరిచిన నోరు పూడిపోయింది. తర్వాత ముక్కు, కనుగుంటలు పోయాయి. ముఖం కోడిగుడ్డులా నున్నగా అయింది. ఆయన దాన్ని చెంపకి ఆనించుకుని చూసుకుని, పిన్ని ముఖానికి జరిగాడు. నేను ఆ పొట్టు ఊడ్చేటప్పుడు చేటలోకి చూడలేకపోయేదాన్ని.

వసంతంలో బెల్జియంనుంచి స్నేహితులు వచ్చారు. మట్టిబల్లల అతను, దీపాల అమ్మాయి, ఇనుము పోసే పెద్దాయన. ఒకే కారులో, చాక్లెట్లూ బ్రెడ్డూ పట్టుకుని సందడిగా వచ్చినవాళ్ళు, వర్క్‌షాపు గుమ్మంలోనే నిలబడిపోయారు. నొంకెల్ వాళ్ళని గుర్తుపట్టలేదు. మట్టిబల్లల అతని చెయ్యి మాత్రం అందుకుని, అరచేయి తిప్పి కాయలు తడిమి చూశాడు. ఏదో అడిగాడు. అతను జవాబు చెప్పి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

తర్వాత వంటగదిలో దీపాల అమ్మాయి నాకు చెప్పింది. "పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. మీ దగ్గరే అన్నాడు మావాడు. వీడు ఆయన దగ్గర అయిదేళ్ళు పనిచేశాడు."

వాళ్ళు ఉండగానే ప్రదర్శన పెట్టేవాళ్ళ తరఫున ఒకమ్మాయి లండన్‌నుంచి బెంచీ చూడడానికి వచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. అప్పటికి ముఖాలన్నీ పోయాయి, శాలువాల మడతలు పలచబడుతున్నాయి. ఆ అమ్మాయి చాలాసేపు చుట్టూ తిరిగింది. కళ్ళు తుడుచుకుంది కూడా.

"దీన్ని ఇలాగే పెడదాం," అంది. "పక్కన ఆయన జబ్బు గురించి రెండు మాటలు రాస్తాం. చూసినవాళ్ళు మర్చిపోలేరు."

ఇనుము పెద్దాయన మంచి ఆలోచనే అన్నాడు. మట్టిబల్లలు చేసే శిష్యుడు వద్దన్నాడు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో గట్టిగా వాదించుకున్నారు. ఆవిడ అంతా విని, చివరికి ఇంగ్లీషులో అంది.

"ఆయన తెలివిలో ఉన్నంతకాలం, చూసినవాళ్ళు పని చూడాలన్నాడు, తనని కాదు. ఇప్పుడు ఆయన్ని అడగడానికి లేదు. అడగడానికి లేని మనిషి జబ్బుని నేను గోడకి తగిలించను."

ఆ అమ్మాయి క్షమించమంది. ఆవిడ ఆమె భుజం తట్టి, టీ ఇచ్చి పంపింది. ఆ సాయంత్రం నుంచి అల్లిక ముట్టుకోలేదు. కొమ్మలు తొట్టిలోనే నాని నాని కంపు కొడితే నేనే తీసి పారబోశాను.

ప్రదర్శన మొదలయ్యాక, నా సెలవురోజున, ఆయన దగ్గర ఏజెన్సీ వాళ్ళ ఇంకో మనిషిని ఉంచి, తనతో లండన్ రమ్మంది. మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. పెద్ద హాలు, తెల్లటి గోడలు. మట్టిబల్ల ఉంది, మధ్యలో ఎవరో అప్పుడే మోచెయ్యి ఆనించి లేచినట్టు చిన్న గుంట. పుట్టగొడుగు దీపాలు మెత్తటి పసుపు వెలుగుతో ఉన్నాయి. ఉన్ని కూరిన ఒక సోఫా పడుకున్న గొర్రెల మందలా ఉంది. మా అమ్మాయి దానిమీద చెయ్యి వెయ్యబోతే కాపలా మనిషి వద్దన్నాడు. ఆవిడ ప్రతి పని దగ్గరా ఆగి, ఎవరు చేశారో, వాళ్ళ పిల్లలెలా ఉన్నారో నాకు చెప్పింది. బెంచీ పెట్టాల్సిన చోట వేరే ఎవరిదో రాగి బీరువా పెట్టారు.

"బాగుంది," అంది దాన్ని చూసి. "నిజంగానే బాగుంది." తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పద, వెళ్ళిపోదాం. నాకు ఇక్కడ గాలి ఆడడం లేదు," అంది.

రైల్లో మా అమ్మాయి మెల్లిగా అడిగింది. "అమ్మా, విల్ హి గెట్ బెటర్?" లేదమ్మా అన్నాను. మేం ఏ భాషలో మాట్లాడుకున్నా ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎండాకాలం చివర ఆయన నడక పోయింది. ఇంట్లో చూసుకోవడం ఆవిడ వల్లా నా వల్లా కాలేదు. కౌన్సిల్ వాళ్ళు కేర్ హోమ్‌కి మార్చారు. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కానీ దుమ్ము, మిగతావాళ్ళ ఊపిరితిత్తులు, రూల్స్. ఉప్పుకాగితం ఇవ్వడం కుదరదన్నారు. ఆయన ఒట్టి వేళ్ళతో బల్ల అంచు రుద్దేవాడు. వేళ్ళ చివర్లు చిట్లి రక్తం వస్తుంటే మెత్తటి తొడుగులు కట్టారు. ఆవిడ రోజూ వెళ్ళి, ఆ తొడుగులు విప్పి, చేతులు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆయన ఆవిడ గౌను గుడ్డనే రుద్దుతుండేవాడు. నా డ్యూటీల రోటా మారిపోయింది, వేరే ఇళ్ళకి వేశారు. తీరినప్పుడు వెళ్ళొచ్చేదాన్ని. సహవాసంలో ప్రార్థన మనవి ఇవ్వడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఒకసారి పాస్టరమ్మగారు ఆయనెలా ఉన్నారని అడిగితే, ఇంకా ఉన్నారండీ అన్నాను.

క్రిస్మస్ ముందు నిమోనియా వచ్చి పోయాడు.

శవపేటిక తనే చేస్తానని శిష్యుడు గెంట్‌నుంచి ఫోన్ చేశాడు. చెక్క కోయడం కూడా మొదలుపెట్టాడట. క్రిమటోరియంలో దొరికింది ఒకటే తేదీ, తప్పితే పండగలయ్యాకే. అంతవరకు ఆయన్ని ఐసులో ఉంచడానికి ఆవిడకి మనసొప్పలేదు. పేటిక తయారవలేదు. అంత్యక్రియల వాళ్ళ దగ్గర ఉన్నదే తీసుకున్నాం. పైకి ఓక్ లాగే ఉంది. పాట అయ్యాక, పేటిక చుట్టూ తెర మూసేముందు, ఆవిడ దగ్గరికి వెళ్ళి దానిమీద చెయ్యి పెట్టింది. బొటనవేలితో అంచు గీరింది. గీరిన చోట కొంచెం లేచింది.

"కాగితం," అంది నావైపు తిరిగి. "చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. లోపల పొట్టు, జిగురు."

ఆవిడ లేచిన అంచుని వేలితో మళ్ళీ అణిచింది. అది అతుక్కోలేదు. తెర మూశారు.

ఫిబ్రవరిలో ఇల్లు ఖాళీ చేసింది. శిష్యుడు వ్యాన్ తెచ్చి, పనిముట్లూ కుర్చీలూ తీసుకెళ్ళాడు. బెంచీ దగ్గర మాత్రం నిలబడిపోయాడు. దాని వీపు అప్పటికి ఓ చోట రొట్టె అంత పలచనయ్యి, ఎత్తబోతే విరిగింది. తర్వాత వస్తానన్నాడు. ఆవిడ బెంచీని నన్ను తీసుకెళ్ళమంది. మా ఫ్లాట్ మూడో అంతస్తు, ఆ మెట్లమీద మలుపు దగ్గర మా మంచమే తిరగలేదు. చివరికి ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు వచ్చి, తలుపులోంచి పట్టట్లేదని రంపంతో రెండు ముక్కలు కోశారు. ఆవిడ పెరట్లో నిలబడి, కోసేవాళ్ళకి దారి ఇచ్చింది. సగం అల్లిన కొమ్మలు తెగి నేలమీద పడ్డాయి.

ఇప్పుడు గెంట్‌లో వాళ్ళ అక్క ఇంటి దగ్గర చిన్న ఫ్లాట్‌లో ఉంటోంది. మొన్న ఫోన్ చేశాను. మోకాళ్ళ నొప్పి, అక్కడి చలి, మా అమ్మాయి పరీక్షలు, అన్నీ మాట్లాడుకున్నాం.

"ఏమైనా అల్లుతున్నారా ఆంటీ?"

"లేదు."

"స్నేహితులు వస్తున్నారా?"

"వస్తారు. వాళ్ళు చేసినవి చూపిస్తారు. చూస్తాను. అన్నీ బాగుంటాయి. నాకే ఏమీ అనిపించదు."

కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెడతారులెండి అనబోయాను. ఆవిడకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఊరుకున్నాను. నీకు డ్యూటీకి టైమవుతుందేమో అంది ఆవిడే. అవును ఆంటీ అని పెట్టేశాను.